తోబారు పేరున్న జీవి

"చూడకుండానే చెప్తాను, కొత్తది కాదు," అన్నాడు మ్యూజియం నుంచి వచ్చిన తోబారు, తడిసిన గొడుగు మూస్తూ.

ఒకినావా పగడపు దిబ్బల మీద నాచులా అంటుకుని బతికే జీవుల విషయంలో ఆయన మాటే ఆఖరి మాట. ఈ ప్రయోగశాలకి ఆయన వచ్చాడంటే ఎవరో కనిపెట్టిన జాతిని కొత్తది కాదని కొట్టెయ్యడానికే.

"చూశాకే కొట్టెయ్యండి," అంది అక్కడి శాస్త్రవేత్త కియునా. వచ్చే నెలలో ఆమె రిటైర్మెంట్. ఇన్నేళ్ళలో ఆమె పేరు పెట్టిన ఒక్క జాతీ నిలవలేదు. "ముందు మల్లె టీ తాగండి."

తోబారు టీ ముట్టలేదు. మైక్రోస్కోపు మీదకి వంగాడు. కింద ఉన్న ముక్క మీద ఆ జీవులు కట్టుకున్న, కంటికి ఆనని గదులు వరసలు వరసలుగా ఉన్నాయి. ఒక్కో గదికీ ఒక మూత.

"ఈ గూళ్ళు బోలెడుసార్లు చూశాను. రిటైరయ్యే ముందు జ్ఞాపకం కావాలంటే ఫొటో దిగండి కియునా గారూ, జాతులు పుట్టించకండి."

"సరే, వదిలేద్దాం. పేరు కూడా అనుకున్నాను. నా రాత."

"ఏం పేరు?"

"మీదే. లాటిన్లో తోబారుయి. మీ భయంతోనే కదా ఇంత జాగ్రత్తగా పని నేర్చుకున్నాను."

తోబారు తల ఎత్తలేదు. మైక్రోస్కోపు మర అటూ ఇటూ తిప్పాడు. బయట వాన జోరందుకుంది.

"ఆగండి," అన్నాడు. "మూత పక్కన చిలకముక్కులాంటి కొక్కెం చూడండి. పైకి తిరిగుంది. తెలిసిన జాతికి కిందికి ఉంటుంది."

"ముదిరితే అలా తిరుగుతుందని మీరే అనేవారు."

"ముదరడమేంటి? లేత గదుల్లోనూ అదే తీరు. కళ్ళున్నవాడెవడూ కాదనలేడు."

"అయితే కొత్తదేనంటారా?"

"అనడమేంటి, ఇప్పుడే చెప్తాను." ఫోన్ తీసి పత్రిక సంపాదకుడితో మాట్లాడాడు. "కియునా గారి జాతి కొత్తదే. వ్యాసం వేసెయ్యండి, పూచీ నాది."

ఫోన్ పెట్టేసి, చల్లారిన టీ గటగటా తాగి, మూతి తుడుచుకున్నాడు.

"ఇంతకీ ఇది ఏ దిబ్బ మీద దొరికింది?"

"మీ మ్యూజియం అలమరలో," అంది కియునా. "ఏళ్ళ కిందట నా మొదటి జాతి అని తెస్తే, కొత్తది కాదని మీరు కొట్టేశారే, ఆ ముక్కే ఇది."