భుజం తెగిన గిటారు

చైతన్య పెట్టె తెరిచి చూసేసరికి గిటారుకు ఒక భుజం లేదు.

ఎవరో రంపంతో కోసేశారు. మెడ పక్కన చెక్క వంపు తిరిగి తెగింది. పెట్టె అడుగున రంపపు పొట్టు ఉంది. తెర అవతల జనం కుర్చీల కోసం కొట్లాడుకుంటున్నారు.

"ఎవడ్రా ఈ పని చేసింది?" అని చైతన్య అరిచాడు.

ఆ అరుపుకు తిమ్మయ్య, ఆయన భార్య లక్ష్మీదేవమ్మ పరుగెత్తుకొచ్చారు. హాలు తిమ్మయ్యది. పోటీ పెట్టింది కూడా ఆయనే. పెట్టక తప్పలేదు. కర్నూలులో ఫ్లామెంకో గిటారు నేర్పుతామని బోర్డులు పెట్టినవాళ్లు ఇద్దరు. అంత దూరపు స్పెయిన్ సంగీతానికి ఏ గిటారు కొనాలన్నది వాళ్ల తగాదా. రెండు భుజాలూ నిండుగా ఉన్న ఫుల్‌బాడీయే కొనాలి, నాదం అందులోనే ఉందంటాడు చైతన్య. ఒక భుజం చెక్కేసిన కట్‌అవే అయితేనే వేళ్లు మెడ మీది పైమెట్ల దాకా పోతాయంటాడు అవినాష్. రెండేళ్లుగా ఫోన్లో వీడియోలు పెట్టి ఒకరినొకరు ఉతికేస్తున్నారు. శిష్యులు రెండు వర్గాలుగా చీలిపోయారు. ఒక వర్గం ఇంట్లో పెళ్లయితే రెండో వర్గం భోజనానికి పోవడం లేదు.

విసిగిపోయిన తిమ్మయ్య రాజీ కుదిర్చాడు. ఇద్దరూ జనం ముందు వాయించాలి. గెలిచినవాడికి హాలు పైఅంతస్తు, సంగీతం బడి పెట్టుకోవడానికి. ఓడినవాడు బోర్డు పీకేయాలి. ఇద్దరిలో ఏ ఒక్కరు వాయించకపోయినా పోటీ రద్దు.

తిమ్మయ్య కళ్లజోడు పెట్టుకుని కోత చూశాడు. "ఫుల్‌బాడీని కట్‌అవే చేసినారు గదప్పా!"

అరుపు విని అప్పుడే వచ్చిన అవినాష్ వైపు అందరూ తిరిగారు.

"నేను కోసేవాన్నయితే నా గిటారు మాదిరే కోస్తానా పెదనాయనా? అంత తెలివి తక్కువోన్నా?"

"ఆ సంగతి మాకెట్ల తెలుస్తాది నాయనా?" అంది లక్ష్మీదేవమ్మ.

అవినాష్ తన గిటారు తెచ్చి చైతన్య ముందు పెట్టాడు. "ఇదో, నాది తీసుకో. వాయించు."

"కట్‌అవేతో ఫ్లామెంకోనా? దాని కన్నా భుజం నరుక్కుంటా!"

"వద్దు నాయనా. ఈ పొద్దుకు ఒక భుజం తెగింది, చాలు" అంది లక్ష్మీదేవమ్మ.

అవినాష్ నిట్టూర్చాడు. "ఇంకేం చేస్తాం! పోటీ రద్దు చేయండి పెదనాయనా. శానా ఆశగా వచ్చినా. నా కర్మ."

తిమ్మయ్య ఫోన్ తీశాడు. కాసేపటికి, పక్క వీధిలో వాద్యాల అంగడి నడిపే ముస్తాక్ స్కూటర్ మీద కొత్త ఫుల్‌బాడీ గిటారు పట్టుకొచ్చాడు.

చైతన్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "తీగలు కొత్తవి. సాగాల."

"సాగదీసే తెచ్చినా అన్నా."

"ఈ చెక్క మంచిది కాదు."

"మీ వీడియోలో దీన్నే మెచ్చుకుంటిరి గదన్నా! అది చూసే గదా ఊరంతా ఇదే కొంటాండాది!"

"నా గోరు విరిగింది."

"యాడ? చూపించు" అన్నాడు తిమ్మయ్య. చైతన్య చెయ్యి వెనక్కి దాచుకున్నాడు.

తిమ్మయ్య గది తలుపు మూశాడు. వర్గాల మధ్య ఎన్ని తగాదాలు తీర్చిన మనిషో ఆయన! గొంతు పెంచలేదు. "నిజం చెప్పప్పా. నీ గిటారు నువ్వే కోసుకుంటివి."

"లేదు పెదనాయనా."

"అయితే పోయి వాయించు."

చైతన్య నేల చూపులు చూశాడు. "రాదు."

"ఏం రాదు?"

"వాయించేకి రాదు. ఏది కొనాల్నో చెప్పేకి వస్తాది."

ముస్తాక్ నోరెళ్లబెట్టాడు. లక్ష్మీదేవమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"కానీ కోసింది నేను కాదు" అన్నాడు చైతన్య, ఏడుపు గొంతుతో. "తెగిన భుజం చూసి, దేవుడే నా మొర విన్నాడని లోపల దండం పెట్టుకున్నా. అంతే."

"ఇంకా ఎందుకు చెప్తావప్పా అబద్ధాలు?" అన్నాడు అవినాష్.

"కర్పూరం తెప్పించండి పెదనాయనా!" అన్నాడు చైతన్య.

లక్ష్మీదేవమ్మ పళ్లెంలో కర్పూరం వెలిగించింది. "అహోబిలం నరసింహస్వామి మీద ఆన. నేను కోయలేదు" అంటూ చైతన్య అరచేత్తో మంట ఆర్పేశాడు.

తిమ్మయ్య ముఖం మారిపోయింది. ఆయన చేసిన పంచాయతీల్లో ఆ ప్రమాణం తర్వాత ఇంక మాట ఉండదు.

"అయితే ఎవరబ్బా?"

బయట ఈలలు మొదలయ్యాయి. ఎవరో కుర్చీని నేలకేసి కొడుతున్నారు. తిమ్మయ్య చెయ్యి విదిలించాడు. "అది తర్వాత చూస్తాం. రాదని వాడే ఒప్పుకున్నంక ఇంక రద్దు ఏముండాది? అవినాషూ, పైఅంతస్తు నీదే. జనం ఎదురు చూస్తాండారు. పోయి ఒకటి వాయించి రా."

తెర లేచింది. చప్పట్లతో హాలు అదిరిపోయింది. ఓడిన వర్గం వాళ్లు కూడా ఫోన్లు పైకెత్తారు.

అవినాష్ కుర్చీ జరుపుకున్నాడు. మైకు నోటి దగ్గర నుంచి గిటారు దగ్గరకు వంచాడు. మళ్లీ నోటి దగ్గరకు ఎత్తాడు. ఒక తీగ బిగించాడు. దాన్నే వదులు చేశాడు. పక్కది బిగించాడు. ముందు వరుసలో శిష్యులు కళ్లు మూసుకుని తలలూపడం మొదలుపెట్టారు. ఒకడు పక్కవాడితో, "చూసినావా, అదే ఫ్లామెంకో" అన్నాడు.

తెర పక్కన నిలబడిన చైతన్య చేతులు కట్టుకుని, మొదటిసారి అవినాష్‌ను భక్తిగా చూశాడు.

"ఎంతసేపు తిప్పుతావు నాయనా? పెళ్లికూతురు ముస్తాబు కూడా ఇంతసేపు పట్టదు" అంది లక్ష్మీదేవమ్మ.

తిమ్మయ్య వేదిక ఎక్కాడు. "ఏమప్పా, ఇంక మొదలుపెట్టు."

అవినాష్ గిటారును రెండు చేతులా వాటేసుకుని తల వంచాడు. అతని మాట మైకులోంచి హాలంతా వినిపించింది.

"కోసింది నేనే పెదనాయనా, నాకూ రాదు."