పక్క సీటు బెల్టు

కారు నేనడిగిన ధరకే ఇచ్చేశాడు టైలరు. ఇంట్లో ఒక్కడే ఉన్నాడు. కుట్టుమిషను మీద సగం కుట్టిన పసిపిల్లల చొక్కా ఒకటి, దుమ్ము పట్టి ఉంది. తాళాలు నా చేతిలో పెట్టి, "గుంతల్లో మెల్లగా పోనివ్వు తమ్ముడూ" అన్నాడు. పాత బండి కదా, షాకబ్జార్బర్ల దిగులు కాబోలనుకున్నాను.

మొదటి రోజు నుంచే పేచీ. పక్క సీట్లో ఎవరూ లేకపోయినా, బెల్టు పెట్టుకోమని ఒకటే కీకీమని మోత. చెవులు చిల్లులు పడ్డాయి. మెకానిక్ సీటు కింద వైరు కత్తిరించి, "ఇంక నోరెత్తదన్నా" అన్నాడు.

మూడు రోజులు నిజంగానే ఎత్తలేదు. నాలుగో రాత్రి డ్యూటీ దిగి వస్తుంటే, ఖాళీ రోడ్డు మీద మళ్లీ మొదలైంది. బండి పక్కకి తీశాను. ఇంజను ఆపినా మోత ఆగలేదు.

"సరే తల్లీ, పెడతాను" అని విసుక్కుంటూ, పక్క బెల్టు లాగి తగిలించాను.

మోత ఆగింది.

బెల్టు మాత్రం సీటుకి ఆనలేదు. నడుము ఉండాల్సిన చోట, జానెడు ఎత్తున, గుండ్రంగా నిలబడింది. మా ఆవిడకి ఏడో నెలలో అచ్చం అలాగే ఉండేది. మిషను మీది చొక్కా గుర్తొచ్చింది.

బండి తీశాను. కనబడిన ప్రతి గుంతా తప్పించుకుంటూ, నడిచేవాడికన్నా మెల్లగా పోనిచ్చాను.

నున్నటి రోడ్డు మీదకొచ్చాక, లోపల్నుంచి ఎవరో చిన్నగా తన్నినట్టు, బెల్టు ఒక్కసారి కదిలింది.