నెమ్మది

"మళ్లీ పరిగెడుతున్నారు," అన్నాడు అజయ్.

రాజకుమారి పరిగెత్తలేదు. వంటపాక నుంచి అరుగు దాకా మామూలుగానే నడిచింది. కాకపోతే ఆమె మామూలు నడకకే దారిలోని కోళ్లు బెదిరి పక్కకు తప్పుకున్నాయి.

"ఇంకోసారి నడవండి. అడుగు పడిన సంగతి మీ పాదానికి తెలియాలి."

వెనక్కి వెళ్లి మళ్లీ నడిచింది. పాదానికి తెలిసేలోపే అరుగు వచ్చేసింది.

అరకు దాటాక, కాఫీ తోటల మధ్య కొండవాలులో ఉందా చోటు. నాలుగు మట్టి గదులు, ఒక వంటపాక, కింద లోయలో రైలు పట్టాలు. అడుగు పెట్టిన రోజే ఫోనూ, చేతి గడియారమూ తీసుకుని చెక్కపెట్టెలో వేసి తాళం పెట్టేశారు. పదిహేను రోజుల్లో నెమ్మదిగా బతకడం నేర్పుతామన్నారు. నేర్పేవాడు అజయ్. ముప్పై కూడా నిండలేదు. ఈ విద్య బెంగళూరులో చదివి వచ్చాడట. నెమ్మదికీ ఒక చదువు ఉంటుందని రాజకుమారికి అంతవరకూ తెలియదు.

ఎనిమిదేళ్లు ఆమె విశాఖ దగ్గర ఒక కంపెనీలో పనిచేసింది. షిఫ్టులు, టార్గెట్లు, ఏడు నిమిషాల్లో భోజనం. పుట్టిన కూతుర్ని ఆరో నెలలోనే ఈ కొండల్లోనే సొంతూళ్లో ఉన్న తల్లి సోములమ్మ చేతిలో పెట్టి మళ్లీ షిఫ్టుకు పరిగెత్తింది. ఆ కూతురు భానుకు ఇప్పుడు ఐదేళ్లు. ఈ పదిహేను రోజుల్లో నెమ్మదిస్తే ఇక్కడే పని ఇస్తారు, రాజకుమారి ఇక ఆ పిల్ల దగ్గరే ఉండొచ్చు. నెమ్మదించకపోతే మళ్లీ అదే కంపెనీ, అదే షిఫ్టు.

ఆ సంగతి ఆమెకు తెలుసు. ఆమె చేతులకు ఎవరు చెప్పాలి?

మూడో రోజు అడ్డాకులు ఇచ్చి విస్తరి కుట్టమన్నాడు అజయ్. ఒక్కటే. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నానికి అయినా చాలన్నాడు. ఆకును చూడాలట, ఈనెలు తడమాలట, తన ఊపిరి తాను వినాలట. అతను టీ తాగి వచ్చేసరికి పద్దెనిమిది విస్తళ్లు దొంతి పెట్టి ఉన్నాయి. ఎలా కుట్టాలో ఆమెకు ఎవరూ చూపించనైనా లేదు.

"ఏమిటండీ ఇది?"

"ఆకులైపోనాయి. ఇంకున్నాయేటి?"

అజయ్ తల పట్టుకున్నాడు.

అంబలి గుక్కకో నిమిషం ఆగి తాగమంటే, అతని మాట పూర్తయ్యేలోపు ఆమె గిన్నె కడిగి బోర్లించేది. కొండ మీది మంచును చూస్తూ కూర్చోమంటే, రెండు నిమిషాలు చూసి, చూడ్డం అయిపోయిందనేది. లోయలో గూడ్సు బండి కూస్తే కంపెనీ సైరన్ అనుకుని లేచి నిలబడేది. తప్పు తెలుసుకుని కూర్చునేది. మళ్లీ కూస్తే మళ్లీ లేచేది. సొంత ఒళ్లే మాట వినకపోతే ఎవరికి చెప్పుకుంటుంది పాపం.

ఏడో రోజు ఆదివారం. ఒక్కసారి ఫోను చేతికిచ్చారు.

"నెమ్మదించిందేటే గుంటా?" జ్వరం పడ్డ మనిషిని అడిగినట్టు అడిగింది సోములమ్మ.

"నేదమ్మా. నా వల్ల అవట్లేదు."

"అలాగంటే ఎలాగే? బేగి నేర్సుకో!"

నెమ్మదిని తొందరగా నేర్చుకోవాలి. రాజకుమారికి నవ్వొచ్చింది. ఆ వెంటనే ఏడుపూ వచ్చింది.

పన్నెండో రోజుకి అజయ్ ఓపిక అయిపోయింది. "సోమవారం మేడం వస్తారు మిమ్మల్ని చూడ్డానికి. అప్పటికీ ఇలాగే ఉంటే నా చేతుల్లో ఏమీ లేదండీ," అన్నాడు. మేడం అంటే సత్యకుమారి, ఆ చోటు యజమాని. రాజకుమారి ఆ రోజంతా నెమ్మదిగా ఉండటానికి ఎంత కంగారుపడిందో చెప్పలేం.

పద్నాలుగో రోజు మళ్లీ ఆదివారం. ఈసారి ఫోను ఎత్తింది భాను.

"అమ్మ నీల్లకెల్లింది," అంది. సోములమ్మనే ఆ పిల్ల అమ్మా అంటుంది. "నువ్వెవులు?"

రాజకుమారి నోరు తెరిచింది.

"ఎవులూ?" అని ఇంకోసారి అడిగి, జవాబు లేకపోయేసరికి, భాను ఫోను పెట్టేసింది.

మర్నాడు సత్యకుమారి వచ్చేసరికి రాజకుమారి అరుగు మీద కూర్చుని ఉంది. ముందు అడ్డాకుల కట్ట. ఒక ఆకు తీసింది. తీసిన చెయ్యి అలాగే ఆగిపోయింది. ఎంతసేపటికో ఈనెపుల్ల గుచ్చింది. మళ్లీ ఆగింది. లోయలో గూడ్సు బండి కూసింది. ఆమె లేవలేదు. లేవాలన్న ధ్యాసే లేదు. ఎవరి కోసం ఇదంతా నేర్చుకుంటోందో ఆ పిల్లే నువ్వెవరన్నాక ఇక తొందర దేనికి? మంచు విడిపోయి, ఎండ అరుగెక్కింది. అప్పటికి సగం విస్తరి అయింది.

"ఎంత ప్రశాంతంగా ఉందో చూడు!" అంది సత్యకుమారి. ఆవిడ కళ్లు చెమర్చాయి.

"ఇదేనండీ, ఇదే!" అజయ్ పొంగిపోయాడు. "సాధించారు రాజకుమారిగారూ! ఇక మీరు వెనక్కి వెళ్లే పనే లేదు."

రాజకుమారి తలూపింది.

పదహారో రోజు పొద్దున్నే గేటు ముందు మినీబస్సు ఆగింది. విశాఖ నుంచి, హైదరాబాదు నుంచి తొమ్మిది మంది దిగారు. అరుగు మీద ఆకు పట్టుకుని కూర్చున్న మనిషిని చూసి, దిగినవాళ్లు దిగినట్టే మాటలు ఆపేశారు.

అజయ్ వాళ్లను ఆమె ఎదుట నిలబెట్టి, గొంతు తగ్గించి పరిచయం చేశాడు: "ఈవిడ రాజకుమారి, ఈ కొండ బిడ్డ, పుట్టాక ఒక్కసారి కూడా కొండ దిగలేదు, తొందరంటే ఏమిటో ఎరగదు, ఈ వారం రోజులూ మీకు నెమ్మదిగా బతకడం నేర్పేది ఈవిడే."