పదునైన మడత

గ్యానెట్ పాయింట్ రేవులో, రేడియో షెడ్డు తలుపు దగ్గర ఒక ముసలాయన నిలబడ్డాడు.

కుళ్ళిన చేపల కంపు ఆయనకంటే ముందే లోపలికొచ్చింది.

చొక్కా మీద ఎండిన సాస్ మరకలు. గోళ్ళ నిండా నల్లటి జిగురు.

మెర్విన్ కుర్చీ వెనక్కి జరిపాడు. సముద్రంలో పడవల వాళ్ళ పిలుపులు వినే ఆ స్టేషన్‌కి పెద్ద అతనే. కొత్త యాంటెన్నాకి కంప్యూటర్‌లో ఒక ప్రోగ్రాంతో నమూనా వేస్తున్నాడు.

ముసలాయన దగ్గుతూ వచ్చి తెర మీద వేలు పెట్టాడు. జిడ్డు అంటుకుంది.

"తీగని ఇలా వెనక్కి మడిచావేం?"

"చోటు లేదు. ముట్టుకోకు!"

"మడత మరీ పదునుగా ఉంది నాయనా. రెండు తీగలూ అంత దగ్గరైతే ప్రోగ్రాం తప్పు లెక్క కడుతుంది. తీగని ఇంకా చిన్న ముక్కలు చేసి చూడు. జవాబు మారిపోతే నమ్మకు."

"ఇంత చక్కటి అంకెలొస్తుంటే తప్పంటావా?"

"తెర మీద చక్కగానే ఉంటుంది. పైకెక్కించాక దానికి చెవుడే. కోణం విప్పు. అసలు నేనొచ్చింది..."

"ఎందుకొస్తే నాకేం? ముందెళ్ళి స్నానం చెయ్యి." మెర్విన్ ముక్కు మూసుకున్నాడు. "ఛీ! నడు బయటికి."

ఆయన వెళ్ళాక తెరని రెండుసార్లు తుడిచాడు.

యాంటెన్నా అదే మడతతో లేచింది.

మూడు వారాలకి, మెర్విన్ బావమరిది లాక్లన్ పడవ ఇంజను నడిసముద్రంలో ఆగిపోయింది. రెండు రోజులు కొట్టుకుపోయాక రొయ్యల పడవ వాళ్ళెవరో చూసి లాక్కొచ్చారు. అప్పటికే తాడు బిగుసుకుని కుడిచేతి వేళ్ళు రెండు తెగిపోయాయి.

"పద్దెనిమిది సార్లు పిలిచాను. నిద్రపోయావా బావా?"

"కుర్చీలోంచి లేవలేదురా. గరగర తప్ప ఏమీ వినపడలేదు."

లాక్లన్ షెడ్డు గచ్చు మీద ఉమ్మేసి వెళ్ళిపోయాడు.

మెర్విన్ ప్రోగ్రాం తెరిచి, తీగని చిన్న ముక్కలు చేశాడు.

చక్కటి అంకెలన్నీ తలకిందులయ్యాయి.

తన మీద తనకే రోత పుట్టింది. కొత్తవాళ్ళు దిగే కారవాన్ పార్కుకి పరిగెత్తాడు.

"ఆ దగ్గు ముసలాయనా? మంగళవారం కన్నుమూశారు మెర్వ్," అంది పార్కు నడిపే నోరీన్. "ఊపిరితిత్తులు పాడైపోయాయి. అయినా పెట్రోలు కోసం రేవులో ఎర కోసే పనికెళ్ళేవారు."

"ఈ ఊరెందుకొచ్చారు?"

"ఉత్తరాలు రాస్తే ఎవరూ పట్టించుకోలేదట. పేర్ల జాబితా పట్టుకుని తొమ్మిది నెలలుగా ఊరూరా తిరిగారు, ఒక్కొక్కరికీ తనే చెప్పాలని. ఆఖరి పేరు నీదే."

"ఏం జాబితా అది?"

"యాంటెన్నాల లెక్కలు కట్టే ప్రోగ్రాం ఒకటి రాశారటగా ఆయన, అది వాడేవాళ్ళది."