ఐసు పెట్టె

"అమ్మాయ్, ఇదిగో!" అంటూ పెద్దాయన ఐసు పెట్టెను ల్యాబు కిటికీలోంచి అందించాడు.

లోపల ఆయన భార్య గడ్డలోంచి తీసిన ముక్క. దాంట్లో ఏ జన్యువులు చురుగ్గా ఉన్నాయో చూసి, అది ఏ రకం క్యాన్సరో నేను చెప్పాలి.

మూత తీస్తే ఐసంతా నీళ్ళు. చల్లదనం పోయిన ముక్క పరీక్షకు పనికిరాదు. డాక్టరు చీటీలో రాసే ఉంది: ఇంకో ముక్క తీస్తే ఆమె తట్టుకోలేదు.

"దారిలో మూత తీశారా, బాబాయ్?"

"తియ్యకుండా ఎలా తల్లీ? ఐసు కరిగిపోతోందేమోనని బస్సు ఆగినప్పుడల్లా తీసి చూశాను. కంటికి రెప్పలా కాపాడుకుంటూ తెచ్చాను. బాగానే ఉందిగా?"

"అందినది" అని ముద్ర కొట్టి రసీదు ఇచ్చాను.

దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకుని, పైన అరచెయ్యి ఆనించి పట్టుకునే వెళ్ళాడు.