గీతకి అటూ ఇటూ

ఒక కుంట గట్టున బాతుపిల్లలూ మేకపిల్లలూ ఒకే బడిలో బంతాట నేర్చుకునేవి. బంతంటే ఎండిన గుండ్రటి సొరబుర్ర.

నేర్పేవాళ్లు మాత్రం ఇద్దరు. "వరస తప్పితే ఆట తప్పినట్టే. బుర్ర అందరి ముక్కులూ తాకాకే ముందుకెళ్లాలి" అనేది వరాలబాతు. "ముందు గెంతండర్రా, ఆలోచన తర్వాత!" అనేవాడు గంటల మేకపోతు. పాపం, పిల్లలు సగం వరసలో, సగం గాల్లో ఉండేవి.

ఓ ఉదయం వరాలబాతు మెత్తగానే అంది. "అన్నయ్యా, దేవుడు నీకు గెంతిచ్చాడు, నాకు ఓపికిచ్చాడు. ఇక ఎవరి పిల్లలకి వాళ్లం నేర్పుకుందాం."

"అలాగే చెల్లెమ్మా, మనసులో పెట్టుకోకు" అంటూ మేకపోతు గిట్టతో గట్టు మధ్య గీత గీశాడు.

పసుపుముద్ద అనే బాతుపిల్లకి గుండె జారిపోయింది. దాని ప్రాణస్నేహితుడు, మేకపిల్ల చెంగయ్య, గీత అవతల ఉండిపోయాడు. వాడు లేని ఆట ఏం ఆట? కళ్లు తుడుచుకోవడానికి రెక్క ఎత్తింది.

అంతలో చెంగయ్య నాలుగు కాళ్లూ గాల్లోకి లేపి అరిచాడు. "ఒసేయ్ పసుపుముద్దా, ఏడుస్తావేమే! ఇన్నాళ్లూ అందరం ఒకే జట్టు. ఓడిద్దామంటే ఎవరున్నారు? ఇప్పుడు నువ్వున్నావు!"

"నన్నా? నువ్వా? రారా చూస్తాను!"

సొరబుర్ర లేచింది. ఈకలు ఎగిరాయి, దుమ్ము రేగింది, బాతుల వరస మీంచి మేకపిల్లలు దూకాయి. అరిచి అరిచి పెద్దలిద్దరి గొంతులూ బొంగురుపోయాయి.

"చెల్లెమ్మా, పిల్లల్ని మళ్లీ కలిపేద్దామంటావా?" అన్నాడు మేకపోతు రొప్పుతూ.

"అపచారం అన్నయ్యా! నిన్ను ఓడించకుండానే?"