మొప్పల మీద చుక్కలు

“మళ్లీ వచ్చేసిందండీ మాయరోగం! మొప్పల మీద తెల్లచుక్కలు!” ఫోనులో అరిచాడు డెట్లెఫ్.

“కంగారుపడి తొట్టెలో ఏమీ పోయకండి. వస్తున్నా,” అంది హెల్గార్డ్.

జర్మనీలోని ఆ కెమ్నిట్స్ ఊరి అక్వేరియం క్లబ్బులో చేపల జబ్బుల విషయానికొస్తే ఆమె మాటే వేదం. డెట్లెఫ్ ఏళ్ల తరబడి నియాన్ అనే చిన్న రంగుచేపలే పెంచినవాడు. చలికాలంలో కొత్తగా కొన్నవాటిని విడిగా ఉంచకుండా తిన్నగా తొట్టెలో వదిలాడు. తెల్లచుక్కల జబ్బు పాకి అన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. చేపలకో దణ్ణమని కూర్చున్నవాణ్ణి, పొరుగువాళ్లు ఇల్లు మారుతూ ఇచ్చిపోయిన గోల్డ్‌ఫిష్ మళ్లీ మనిషిని చేసింది. ఇదీ పోతే తొట్టె తీసేసి, క్లబ్బు మానేస్తానని అందరితో చెప్పేశాడు.

హెల్గార్డ్ వచ్చి, చేప ఒంటి జిగురు కాస్త గాజుపలక మీదికి తీసి, సూక్ష్మదర్శినిలో చాలాసేపు చూసింది.

“బతుకుతుందా?”

“నేను చెప్పినట్టు వింటే.”

“మరి మందు?”

“మందులు గుమ్మరించి చంపినవాళ్లనే ఎక్కువ చూశాను. ముందు నీళ్లు మార్చండి. రోజూ వచ్చి చూస్తాను.”

అన్నట్టే వచ్చింది. కొత్త నీళ్ల వేడిని పాతవాటితో సరిచూడటం, ఒక తొట్టెలో ముంచిన వలను ఇంకోదాంట్లో ముంచకపోవడం, కొత్త చేపల్ని వారాల తరబడి వేరే ఉంచి కనిపెట్టి చూడటం అన్నీ దగ్గరుండి నేర్పింది. ఆమె చేపను చూస్తుంటే డెట్లెఫ్ ఆమెను చూసేవాడు. ఎంత ఓపిక, ఎంత నేర్పు! ఇలాంటి మనిషి ఊరికొకరున్నా చాలనుకునేవాడు. ఆమె కోసం రూబార్బ్ అనే పుల్లటి కాడలతో కేకు చేయడం కూడా మొదలుపెట్టాడు.

“చక్కెర వేస్తే పాపమా? పళ్లు పులిసిపోతున్నాయి!” అనేది ఆమె, రెండో ముక్క తీసుకుంటూ.

వేసవి వచ్చేసరికి ఒక్క చుక్కా లేదు.

“చావు నోట్లోంచి లాక్కొచ్చారు! రేపు క్లబ్బులో అందరికీ చాటింపు వేస్తాను.”

హెల్గార్డ్ ముఖం కందిపోయింది. “వద్దండీ. నవ్వుతారు.”

“ఎందుకూ?”

“మగ గోల్డ్‌ఫిష్‌కి జోడీ కోసం తిరిగే రోజుల్లో మొప్పల మీద అలాంటి చుక్కలే వస్తాయి. ఆ కాలం దాటితే వాటంతటవే పోతాయి. జబ్బు కాదది.”

డెట్లెఫ్ కేకు కోస్తున్న కత్తి పక్కన పెట్టాడు. “ఆ సంగతి మీకెప్పుడు తెలిసింది?”

“మీరు ఫోను చేసినప్పుడే.”